చేతుల పరీక్ష

హెడ్ నర్సు ఫిలోమినా సిస్టర్ నోటికి ఆ ఆసుపత్రిలో జడవనివాళ్ళు రెండే రకాలు. ఒకటి అప్పుడే పుట్టిన పసికందులు, రెండోది ఆయా భవాని. డాక్టర్ సాయిసందీప్ అంతటివాడు కూడా ఆవిడ ఎదురుపడితే చాలు, అడగకముందే చేతులు కడుక్కున్నానని చెప్పేసేవాడు.

యానాంలో గోదావరి గట్టు పక్కనున్న ఇరవై పడకల ప్రసూతి ఆసుపత్రి అది. నెల రోజుల్లో ముగ్గురు బాలింతలకు ఆపరేషన్ కుట్లు చీము పట్టాయి. ఇద్దరు ఎలాగో గట్టెక్కారు. అడవిపొలం నుంచి వచ్చిన సత్యశ్రీ మాత్రం ఇంకా జ్వరంతో మంచం మీదే ఉంది. ఆ చీములో ఉన్న క్రిమి వాడే మందుల్లో దేనికీ లొంగదని, ఒక్కదానికి మాత్రమే లొంగవచ్చని కాకినాడ ల్యాబ్ వాళ్ళు రాసి పంపారు. ఆ ఒక్కటీ పనిచేయకపోతే ఆ పిల్లకు ఇవ్వడానికి ఇంకేమీ లేదు.

ఫిలోమినాకు ఒళ్ళు మండింది. కంటికి కనపడని క్రిమి మీద అంత కోపం తెచ్చుకున్న మనిషిని మరొకరిని చూడం. "నాలుగో మనిషికి ఇది రాకూడదు. సత్యశ్రీ నడుచుకుంటూ ఇంటికెళ్ళాలి" అని డాక్టరు ముందు తెగేసి చెప్పింది.

ఇలాంటి మొండి క్రిముల సంగతి చూడడానికి ఊళ్ళో ఆసుపత్రులన్నీ కలిసి ఒక కమిటీ వేసుకున్నాయి. తమ ఆసుపత్రి తరఫున అందులో కూర్చునేది ఫిలోమినాయే. రూల్సు రాసిందీ ఆవిడే. మోచేతి కింద గాజులు, తాళ్ళు, వాచీలు ఉండకూడదు. అందరి చేతులకూ పరీక్ష చేయాలి. ఎవరి చేతి మీద క్రిమి దొరికితే వాళ్ళు, శుభ్రమని మళ్ళీ రిపోర్టు వచ్చేదాకా వార్డు గడప తొక్కకూడదు. ఉంగరాల మాట మాత్రం రాయలేదు. మరిచిపోయానని తనకు తాను చెప్పుకుంది. ఆవిడ వేలికున్నది పెళ్ళినాడు చర్చిలో భర్త లూయిస్ తొడిగిన ఉంగరం. లూయిస్ పోయి నాలుగేళ్ళయింది.

రూలు గోడకెక్కిన రోజే భవానితో గొడవ మొదలయింది.

"గాజులు తియ్యవే భవానీ."

"తియ్యనండి. మా ఆయన ఏటకెళ్ళాడు. మనిషి నీళ్ళ మీదుండగా బోసి చేతులతో తిరగమంటారా?"

"వాటి కింద ఏం పెరుగుతోందో తెలుసా నీకు?"

"మరి మీ ఏలికున్నదేంటండీ?"

"ఇది నున్నటి బంగారం. రోజుకి వందసార్లు సబ్బు తగులుతుంది."

"అయితే దాని కింద కూడా తుడిచి పంపండి. చూద్దాం."

వార్డులో అందరూ పనులాపి చూస్తున్నారు. ఫిలోమినా దూది పుల్ల తీసుకుని, భవాని గాజుల కింద రుద్దిన దానికంటే గట్టిగా తన ఉంగరం కింద రుద్దింది. పదకొండు మంది శాంపిళ్ళు ఆ సాయంత్రమే కాకినాడ వెళ్ళాయి.

నాలుగో రోజు రిపోర్టు ఆవిడ ఫోనుకే వచ్చింది. తొమ్మిది మందికి ఏమీ లేదు. భవాని గాజుల కింద క్రిమి ఉంది. ఫిలోమినా ఉంగరం కిందా ఉంది. సత్యశ్రీ కుట్లలో ఉన్నదే.

స్టోర్ రూములో స్టూలు మీద కూలబడిపోయింది. సత్యశ్రీకి ఆపరేషన్ అయిన మొదటిరోజు నుంచీ కట్టు కట్టింది తనే. గ్లౌజులు వేసుకున్నాను కదా అనుకుంది. ఆ గ్లౌజులు తొడుక్కున్నదీ ఈ చేత్తోనే అని వెంటనే తట్టింది. ఈ కాగితం ఇంకా ఎవరూ చూడలేదు. భవాని పేరొక్కటే చదివితే అడిగేవాడు లేడు. అలా అయిదు నిమిషాలు కూర్చుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తర్వాత లేచి అందరినీ పిలిచి, ముందు తన పేరే చదివింది.

భవాని ఎగతాళి చేస్తుందనుకున్నారు అందరూ. ఆమె ముఖం పాలిపోయింది.

"నాకూ ఉందాండీ?"

"ఉంది. ఇద్దరం బయటికే."

ఉంగరం సబ్బుకీ రాలేదు, కొబ్బరినూనెకీ రాలేదు. బజారులో కంసాలి రాజేష్ దగ్గర చెయ్యి చాచి "కొయ్యి" అంది. అతను కోస్తుంటే అక్కడే, కొట్లో నలుగురి ముందూ ఏడ్చింది. మర్నాడు వార్డు గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపలికి వెళ్ళే ప్రతివాడి చేతులూ కడిగించింది. గాజు కాదు కదా, జపమాల చుట్టుకొచ్చినా విప్పించింది.

భవాని మాత్రం పట్టు విడవలేదు. "బోటు ఒడ్డుకొచ్చాక తీస్తానండి. అప్పటిదాకా గేటు దగ్గర ఏదైనా పని చెప్పండి" అంది. వారం కిందటైతే ఫిలోమినా ఇంతెత్తున లేచేది. ఇప్పుడు తన బోసి వేలు చూసుకుని సరేనంది.

బోటు ఆరో రోజున వచ్చింది. భవాని మొగుడు ప్రసాద్ తిన్నగా ఆసుపత్రికే వచ్చాడు. పెరట్లో కుళాయి కింద సబ్బు రాసి గాజులు ఒక్కొక్కటీ తనే తీశాడు. "నేను మళ్ళీ ఎల్లినా డ్యూటీలో ఇలాగే ఉండు. బోటు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు వార్డు చూసుకో" అన్నాడు. భవాని మణికట్లు చీరకొంగుతో కప్పుకుని కాసేపు ఏడ్చింది. మళ్ళీ పరీక్షకు ఇద్దరూ చేతులు చాచారు. ఈసారి ఏమీ లేదని వచ్చింది.

అప్పటికి సత్యశ్రీకి జ్వరం తగ్గి రెండు రోజులయింది. ఆఖరి మందు పనిచేసింది. కొత్త కేసు రాలేదు. ఫిలోమినా ఆమె మంచం పక్కన నిలబడి, నీళ్ళు నమలకుండా చెప్పేసింది.

"నీ కుట్లు చీము పట్టడానికి నా చెయ్యే కారణం కావచ్చు. నా ఉంగరం కింద అదే క్రిమి దొరికింది."

సత్యశ్రీ పక్కనున్న బిడ్డను దగ్గరికి లాక్కుంది.

"నా బాబుని మొదట ఎత్తుకున్నదీ మీరే కదండీ."

"అవునమ్మా."

"కుట్లు మానేదాకా మీరే కట్టు కట్టండి. ఇంకెవరూ వద్దు."

"కోపం లేదా నా మీద?"

"ఉందండి. చాలా ఉంది. కానీ చెయ్యి కడక్కుండా మీరింక జన్మలో ఎవరినీ ముట్టుకోరు. మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు."

ఫిలోమినా కుళాయి దగ్గరికి వెళ్ళి, మోచేతుల దాకా రెండు చేతులూ కడుక్కుని, కట్టు విప్పడానికి తిరిగి వచ్చింది.