శాతం గుర్తు వెనక

ఆ రోజు ఎల్బీనగర్ ఇంట్లో ఉన్నది ముగ్గురే: కోచింగ్ సెంటర్‌కి లెక్కల పేపర్లు తయారుచేసే త్రినాథరావు మాస్టారు, ఆయన భార్య వేదవతి, ఆ లెక్కల్ని కంప్యూటర్‌లో కొట్టడం నేర్చుకుంటున్న యాదలక్ష్మి. నోట్లో నాలుక లేని పిల్ల. ఏం చెప్పుకోవాలన్నా డైరీకే చెప్పుకునేది. ఈ పని పట్టుబడితే దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లోనే ఉండి డిగ్రీ చదువుకోవచ్చు. లేదంటే బాటసింగారం మార్కెట్‌లో అమ్మ పక్కన కూర్చుని బత్తాయిలు ఏరాలి.

మాస్టారు ఓపిగ్గా నేర్పారు. లెక్కల్ని అచ్చుకు సిద్ధం చేసే లేటెక్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కను గీయరు, మాటల్లో చెబుతారు. వెనక్కి వాలిన గీత పెట్టి ఫ్రాక్ అంటే భిన్నం, ఎస్‌క్యూఆర్‌టీ అంటే వర్గమూలం.

"ఇదిగో, ఈ శాతం గుర్తు చూశావా? దీని తర్వాత ఆ వరుసలో ఏం రాసినా అచ్చులో పడదు. అచ్చం నీలాగే, లోపల ఉంటుంది, పైకి చెప్పదు."

ఆ మాట ఆమెకు తెగ నచ్చింది. అప్పట్నుంచి డైరీ హాస్టల్ పెట్టెలోనే ఉండిపోయింది. ఆ ఫైల్లోనే లెక్కకూ లెక్కకూ మధ్య శాతం గుర్తు పెట్టి రాసుకునేది: "సారుకు చూపు ఆనుతలేదు. మూడును ఎనిమిది అనుకుంటున్నరు. పదకొండో లెక్క తప్పు పోయింది, నేనే సరిచేసిన. చెప్తే బాధపడతరు."

అచ్చుకాగితం మీద ఒక్క ముక్క పడలేదు.

ఆ వారం సెంటర్ వాళ్లు పీడీఎఫ్‌తో పాటు అసలు ఫైళ్లు కూడా అడిగారు. యాదలక్ష్మే పంపింది. వాటిలో తను కొట్టిన ప్రతి అక్షరం ఉంటుందని తట్టనే లేదు.

ఆ రోజు పొద్దున పదకొండింటికి సెంటర్ ఇన్‌ఛార్జి మహిపాల్ ఫోన్ చేశాడు. వేదవతి స్పీకర్ పెట్టింది.

"సార్, మీ పిల్ల ఫైల్ల ఏందో రాసింది. మీకు కనబడ్తలేదంట గదా. తప్పులన్నీ ఆమెనే దిద్దుతున్నదంట. జర రెస్ట్ తీసుకోండి సార్. పేపర్లు ఇంకొకరికి ఇస్తం."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు.

"ఎన్ని దిద్దావు?"

"పద్నాలుగు సార్."

"నాకు చెప్పొచ్చుగా."

చెప్పగలిగితే రాసుకునేదే కాదు.

వేదవతి ఆమె సంచీ తెచ్చి చేతికిచ్చింది. "ఇక రాకమ్మా. వచ్చి ఏం కొడతావు? మాకే పని లేదు."

గడప దాటాక యాదలక్ష్మి వెనక్కి తిరిగింది. ఆ ఇంటివాళ్లతో తనంతట తాను నోరు తెరవడం అదే మొదటిసారి.

"సార్, మీ లెక్క తప్పు కాదు. అంకె ఒక్కటే..."

మాస్టారు గొళ్లెం కోసం తలుపు మీద చేత్తో తడుముకున్నారు. దొరికాక, నెమ్మదిగా తలుపు వేసేశారు.