నాన్న కట్టిన జాంబీ వేషం

సినిమావాళ్ళకి మేకప్ వేసే రంగులక్క వాళ్ళ నాన్నకి జాంబీ సినిమాలంటే వల్లమాలిన పిచ్చి. చూడ్డానికి మంచి హారర్ ఏదైనా ఉందా అని ఎవరైనా మాటవరసకి అడిగారో, అయిపోయారే! నెత్తురు బకెట్లకొద్దీ పారిస్తే అది చూడదగ్గ సినిమా కాదనేవాడు. పరుగెత్తే శవాలకంటే కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవే నయమనేవాడు.

"ముక్కూమొహం తెలియనివాడు కరిస్తే భయమేముందే? పొద్దున మన పక్కన కూర్చుని కాఫీ తాగినవాడు కరవడానికొస్తే, అప్పుడుంటుంది అసలు సంగతి!" అనేవాడు కూతురితో. తల్లి పోయాక, ఆదివారం మధ్యాహ్నాలు తండ్రీకూతుళ్ళిద్దరూ తలుపులేసుకుని అవే చూసేవారు.

అలాంటి మనిషి, కూతురు జాంబీ సినిమాకి మేకప్ చేస్తోందని తెలిస్తే ఊరుకుంటాడా? "ఒక్క వేషం ఇప్పించవే, చచ్చి నీ కడుపున పుడతాను" అని వెంటపడ్డాడు. వారంరోజులు వంటింటి గుమ్మంలో నిలబడి గొంతులో గురగురలు సాధన చేశాడు.

"నీ ఉబ్బసంతో ఇవన్నీ అవసరమా నాన్నా?" అందామె.

"ఇన్‌హేలర్ ఉందిగా" అంటూ చొక్కా జేబు తట్టి చూపించాడు. వేషానికి ఆ చొక్కా విప్పేయాలన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అసలైన సమయానికి మన బుర్రలు ఎప్పుడూ ఇంతే.

షూటింగ్ రోజు ఆమే దగ్గరుండి ముస్తాబు చేసింది. మొహానికి బూడిదరంగు, కళ్ళ కింద నలుపు, పెదాలకి నీలం, మెడ మీద రబ్బరు గాయం, మూతి చుట్టూ నెత్తురు. అద్దంలో చూసుకుని, "మీ అమ్మ చూస్తే జడుసుకునేది" అని మురిసిపోయాడాయన.

మూతపడ్డ షాపింగ్ కాంప్లెక్స్ సెల్లార్‌లో షూటింగ్. యంత్రం పెట్టి పొగ నింపారు. జాంబీలు ఆ పొగలోంచి రావాలి, తుపాకులు పేలగానే కూలాలి. కట్ చెప్పినా సరే, కూలినవాళ్ళు కూలినట్టే పడి ఉండాలి. దగ్గరి షాట్లు ఇంకా తీయాలి కదా, ఒక్కడు కదిలినా ముందు తీసినదానితో అతకదు.

హీరోకి గాయం అతికించి రంగులక్క పైనుంచి దిగేసరికి ఆ షాట్ అయిపోయింది. దర్శకుడు ఎదురొచ్చాడు.

"మీ నాన్నగారు అదరగొట్టేశారండీ! ఆ గొంతు, ఆ గిలగిల కొట్టుకోవడం! నిజంగా ప్రాణం పోతున్నట్టే చేశారు!"

ఆమెకి గర్వంతో ఒళ్ళు పొంగింది. స్పాంజీ, రంగుల డబ్బా పట్టుకుని, నేలమీద పడున్న శవాల మధ్య చెరిగిన రంగులు సరిచేసుకుంటూ వెళ్ళింది. నాన్న ఒక స్తంభం పక్కన వెల్లకిలా పడున్నాడు, కళ్ళు సగం తెరిచి.

"నాన్నా, కెమెరా ఆగింది. కాస్త ఊపిరి పీల్చుకో" అంది గుసగుసగా. పలకలేదు. పట్టిన పట్టు విడిచే రకమా ఈయన అని నవ్వుకుంది.

చెమటకి పెదవి మీద రంగు చారలు కట్టింది. మళ్ళీ వేద్దామని తడి స్పాంజీతో తుడిచింది. నీలం స్పాంజీకి అంటింది. దాని కింద ఇంకా నీలం ఉంది. మళ్ళీ తుడిచింది. ఈసారి స్పాంజీకి ఏమీ అంటలేదు, పెదవి మాత్రం నీలంగానే ఉంది.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. "నాన్నా!" అని భుజాలు పట్టి ఊపింది.

"అక్కా, కదిలించొద్దు! కంటిన్యుటీ పోతుంది!" అని అసిస్టెంటు అరిచాడు.

"నీ కంటిన్యుటీ తగలెయ్య! మా నాన్నకి ఊపిరాడట్లేదురా!"

ఆ కేకకి పొగలో శవాలన్నీ ఒక్కసారిగా లేచి ఆమెవైపు వచ్చాయి. ప్రతి మొహానికీ రంగు పూసింది తనే. అయినా ఆ క్షణం ఆమెకి ఒళ్ళు జలదరించింది. వాళ్ళే నాన్నని చేతులమీద ఎత్తుకుని పక్క వీధిలోని ఆసుపత్రికి పరుగెత్తారు.

అక్కడ ఇంకో గండం. నర్సు ఆయన మెడ చూసి కెవ్వుమని, దూది తీసి రబ్బరు గాయం మీద అదిమింది. "అది కాదమ్మా! ఉబ్బసం! ఊపిరి చూడండి!" అంటూ రంగులక్క ఆ గాయాన్ని గోళ్ళతో పీకి పారేసింది.

డాక్టరు మాస్కు పెట్టి, సూది మందు ఎక్కించాడు. "ఈ పూతంతా తుడిచెయ్యండి. ఒంటి రంగు నాకు కనబడాలి" అన్నాడు.

తడిగుడ్డతో తుడవసాగింది. తన చేతులంటే తనకే భయం వేసింది. మనిషి చస్తుంటే ఎవరికీ కనబడకుండా పూసిన చేతులివే. నుదురు, బుగ్గలు, చెవులు బయటపడ్డాయి. నర్సు మాస్కు కొంచెం ఎత్తినప్పుడల్లా మూతి చుట్టూ నెత్తురు తుడిచింది. అదంతా పోయాక, ఇంకో శుభ్రమైన గుడ్డ తీసుకుని పెదాలు తుడిచింది. ఎంత రుద్దినా అక్కడ ఎరుపు వదలడంలేదు.

"నెత్తురు రంగు... మొండిది... నేనే కలిపాను" అని గొణుగుతూ ఇంకా గట్టిగా రుద్దింది.

నర్సు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంక చాలమ్మా, నొప్పి పుడుతుంది ఆయనకి. అది రంగు కాదు, పెదవే."

రంగులక్క గుడ్డ తిప్పి చూసుకుంది. ఎక్కడా ఎరుపు లేదు. దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని, అంతమంది జాంబీల ముందూ భోరుమంది.