సారు పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు

“పాప సాక్సులెక్కడ?”

ఫోన్లో మా ఆయన. నేను అప్పటికే ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో నా కుర్చీలో ఉన్నాను. “కింది అరలో” అన్నాను. “చూశా, లేవు.” “తువ్వాళ్లు ఎత్తి చూడండి.” తువ్వాళ్లు లాగిన చప్పుడు. “ఆ, దొరికాయి. ముందే చెప్పొచ్చుగా” అని పెట్టేశాడు. వెంటనే అత్తగారు, కంట్లో వేసుకునే చుక్కల మందు ఎక్కడుందని. మా ఇంట్లో వస్తువులకి కాళ్లు లేవు, పెట్టినచోటే ఉంటాయి. వెతకడానికి కళ్లు మాత్రం నాకొక్కదానికే ఉన్నట్టు అందరూ నన్నే అడుగుతారు.

నా పనేమిటో మాత్రం ఒక్కరూ అడగలేదు. “మా ఆవిడది అక్కడి తీగ ఇక్కడ కలిపే పని” అంటాడు మా ఆయన చుట్టాల ముందు నవ్వుతూ. “చల్లటి గదిలో కూర్చునేదానికి అలసటేంటమ్మా” అంటారు అత్తగారు. తీగా కాదు, గీగా కాదు. ఆసుపత్రి ల్యాబ్ ఫలితాలన్నీ ఒక డేటాబేస్‌లో ఉంటాయి. వాటిని విశ్లేషించే సాఫ్ట్‌వేర్ వేరే. దాని మాట దీనికి తెలియదు. ఇద్దరి మాటా తెలిసిన మధ్యవర్తిలా ఓడీబీసీ అని ఒక ఏర్పాటు ఉంటుంది. ఏ సర్వర్‌కు వెళ్లాలో, ఏ పేరుతో లోపలికి వెళ్లాలో, జవాబు కోసం ఎంతసేపు ఓపిక పట్టాలో ఆ మధ్యవర్తికి చెప్పి పెట్టేది నేను. మొదట్లో రోగుల పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా వచ్చేవి. అక్షరాల అమరిక మార్చి వాటిని మళ్లీ మనుషుల పేర్లు చేసింది నేను. పెద్ద లెక్కలు సగంలో తెగిపోతుంటే గడువు పెంచింది నేను. ఎవరూ పొరపాటున కూడా అసలు ఫలితాల మీద చెయ్యి వెయ్యకుండా, చదువుకోవడానికి మాత్రమే వీలుండేలా కట్టడి చేసింది నేను. అన్నీ అమర్చి పరీక్ష బటన్ నొక్కితే, కనెక్షన్ కుదిరిందని ఒక చిన్న పెట్టె తెర మీదికి వస్తుంది. ఎన్నిసార్లు చూసినా నా మనసు గంతేస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. ఈ కనెక్షన్‌ను రెండు రకాలుగా పెట్టొచ్చు. ఒకటి, లాగిన్ అయిన మనిషికి మాత్రమే కనబడేది. రెండోది, ఆ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నా కనబడేది. రెండోదానికి అడ్మిన్ హక్కులు, అంటే కంప్యూటర్లో అందరికీ వర్తించే మార్పులు చేసే అధికారం, కావాలి. అవి మా పై అధికారి దగ్గర ఉన్నాయి. మేమంతా ఆయన్ని తాళాల సారు అంటాం. “నీకెందుకమ్మా ఆ తలనొప్పి? పిలిస్తే నేనొచ్చి పాస్‌వర్డ్ కొడతాగా” అంటాడు. పిలిస్తే తీరికుండదు. తీరిక చేసుకుని వస్తే, ఆయన పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నేను అటు తిరిగి నిలబడాలి. మొదటిసారి మర్యాద కొద్దీ తిరిగాను. తర్వాత అదే అలవాటైపోయింది. ఏళ్ల తరబడి గోడకున్న నిప్పులార్పే సిలిండర్‌ను చూస్తూ నిలబడ్డాను. దాని మీద రాసినవన్నీ నాకు కంఠతా వచ్చు. అలా నిలబడలేక, చాలాచోట్ల ఒక్కొక్కరి లాగిన్‌లో ఒక్కోసారి అదే పని మళ్లీ మళ్లీ చేసుకుంటూ వచ్చాను. “నువ్వు లేకపోతే ఇక్కడ పూచికపుల్ల కదలదమ్మా” అని మెచ్చుకుంటారు. ఇంట్లోనూ అదే మెప్పు.

ఇవాళ మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. ఒక వార్డులో ఆపరేషన్ గాయాలు ఎక్కువగా చీము పడుతున్నాయి. ఎందుకో తేల్చడానికి బయటినుంచి ఒక పెద్దావిడ వచ్చారు, గణాంకాల నిపుణురాలు. సమావేశం గదిలోని కంప్యూటర్లో తన లాగిన్‌తో సాఫ్ట్‌వేర్ తెరిచారు. కనెక్షన్ల జాబితా ఖాళీగా ఉంది.

“ఏమ్మా, పనిచేస్తోందన్నావ్‌గా?” అన్నాడు తాళాల సారు, డాక్టర్లందరి ముందూ.

“నా లాగిన్‌లో చేస్తోంది సార్. అందరికీ కనబడేలా పెట్టాలి, రమ్మని నిన్ననే అడిగాను. రేపు చూద్దాం అన్నారు.”

“సరే సరే, జరుగు.” కుర్చీ లాక్కున్నాడు. కీబోర్డు మీద వేళ్లు పెట్టి ఆగాడు. నేను అటు తిరగాలని చూస్తున్నాడు.

నేను తిరగలేదు.

“మీ పాస్‌వర్డ్ నాకొద్దు సార్. నా పేరు మీదే హక్కులివ్వండి. ఈ పని నాది.”

“ఇప్పుడా? తర్వాత మాట్లాడుకుందాం.”

“తర్వాతంటే, ఇప్పుడు నేను మళ్లీ గోడవైపు తిరగాలి సార్. తిరగను.”

పెద్దావిడ కళ్లజోడు తీసి నన్ను చూశారు. “ఈ కనెక్షన్లు పెట్టేది మీరేనా?”

“నేనేనండీ. ఈ ఆసుపత్రిలో ఉన్నవన్నీ నేను పెట్టినవే.”

“అయితే ఆవిడకే ఇచ్చేయండి. నా పని ఆగిపోయింది” అన్నారు సారుతో, మంచినీళ్లు అడిగినంత మామూలుగా. సారు చెవులు ఎర్రబడ్డాయి. అయినా పాస్‌వర్డ్ కొట్టి, హక్కుల జాబితాలో నా పేరు పక్కన టిక్కు పెట్టాడు. కుర్చీ వదిలి లేచాడు.

కూర్చున్నాను. ఆ కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. పేరు, సర్వర్, గడువు, అక్షరాల అమరిక, ఒక్కొక్కటీ నా చేత్తో పెట్టి బటన్ నొక్కాను. కుదిరింది. పెద్దావిడ తెర మీద ఫలితాలు బారులు తీరి దిగాయి, పేర్లు పేర్లుగా. ఇకనుంచి ఆ గదిలో ఎవరు కూర్చున్నా దిగుతాయి, నేను ఉన్నా లేకపోయినా. నాకు గర్వమేసింది. ఆడపిల్లకి అంత పొగరు పనికిరాదని చిన్నప్పటినుంచీ చెప్పినవాళ్లంతా గుర్తొచ్చారు. అయినా దాన్ని దాచుకోవాలనిపించలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి టీ కలుపుకుని కూర్చున్నాను. మా ఆయన లోపలి గదిలోంచి కేకేశాడు. “రేపటికి పాప బట్టలెక్కడ?”

“అక్కడే ఉన్నాయండీ. చూసుకోండి.”

గుమ్మంలోకి వచ్చాడు. “ఇదేం కొత్త? నేనేమైనా చెయ్యనన్నానా? ఏం చెయ్యాలో చెప్తే చేస్తాను కదా.”

“చెప్పడం కూడా పనేనండీ. ఆ పని ఇవాళ్టితో మానేశాను.”

అత్తగారు చదువుతున్న పేపర్ దించి నావంక చూసి, మళ్లీ ఎత్తుకున్నారు. మా ఆయన లోపలికి వెళ్లాడు. పై అర తెరిచిన చప్పుడు. మూసిన చప్పుడు. మధ్య అర. ఏదో కింద పడింది.

కింది అరలో ఉన్నాయని నాకు తెలుసు. నేను లేవలేదు.