తోలు తీసిన టర్కీ

క్యారెట్లు చక్రాలుగా తరగాలా, పొడుగ్గానా అన్న దగ్గర మొదలైంది గొడవ.

"చక్రాలైతే మాడిపోతాయక్కా. పొడుగ్గానే కొయ్యాల," అంది మా తోడికోడలు కృపారాణి.

"పదకొండేండ్ల నుంచి ఈ ఇంట్లో చక్రాలే కోస్తాండా. ఎవురి గొంతులోనూ అడ్డం పడలే."

"అది పలావుకి గదక్కా. ఇది ఓవెన్లోకి."

చాకు పీట మీద పెట్టేశాను, కాస్త చప్పుడయ్యేటట్టు.

ఆ పదకొండు క్రిస్మస్‌లూ వంట నాదే. చర్చి నుంచి వచ్చి అందరూ నా నాటుకోడి పలావు ముందు కూర్చునేవాళ్లు. మా అత్త సరోజమ్మ మొదటి ముద్ద తిని, నా వైపు చూసి తల ఊపేది. నోటితో మెచ్చుకునే మనిషి కాదు. ఏడాదికి ఒకసారి ఆ తల ఊపడమే నాకు చాలు.

ఈ ఏడు ఆవిడకు కొవ్వు పెరిగిందని డాక్టరు నూనె తగ్గించమన్నాడు. "అయితే టర్కీ కోడిని కూరగాయలతో కాలుద్దాం అత్తమ్మా, చెంచాడు నూనె చాలు," అంది కృప, కాపురానికొచ్చి ఏడాది తిరక్కుండానే. మరిది అర్ధవీడు నుంచి పక్షిని తెచ్చాడు. అత్త సరేనంది. నన్నెవరూ అడగలేదు.

దాన్ని కోయించుకు రావడం మాత్రం నాకే అప్పజెప్పారు. తెల్లవారి ఆరాధన కాగానే చికెన్ దుకాణానికి వెళ్లాను.

"తోలు తియ్యాల్నా, ఉంచాల్నా అక్కా?" అన్నాడు దుకాణం కోటి. "తీస్తే ఎండిపోతాది సూడు."

తోలుతోనే తెమ్మని కృప రెండుసార్లు చెప్పింది. మా వైపు కోడిని తోలుతోనే కాల్చి పసుపు పూస్తాం. తోలు పోతే మాంసం పీచవుతుందని నాకు తెలియనిది కాదు.

"తీసెయ్," అన్నాను.

క్యారెట్ల పని అయ్యాక కృప సంచి విప్పింది.

"తోలేదక్కా?"

"అత్తకి కొవ్వు పడదని డాక్టరు చెప్పినాడు గదా."

ఆమె ముఖం వాడింది. చూస్తూ నిలబడ్డాను. అంతలోనే, "నిజమే. నాకు తట్టనే లేదు," అని పెరట్లోకి వెళ్లి రెండు అరటాకులు కోసుకొచ్చింది. పొయ్యి మీద వాటిని వెచ్చజేసింది. పక్షికి పెరుగు, వెల్లుల్లి, మిరియాలు పట్టించి, ఆకుల్లో చుట్టి దారం కట్టింది. పళ్లెంలో కింద క్యారెట్లు, బీన్సు, చిలగడదుంపలు పరిచి, దాన్ని పైన పెట్టి ఓవెన్లోకి తోసింది. ఎక్కడ తప్పు చేస్తుందా అని కాచుకున్నాను. ఆఖరికి పెరుగులో నీళ్లుంటాయనుకున్నాను. దాన్ని రాత్రే గుడ్డలో కట్టి వేలాడదీసిందట.

మధ్యాహ్నం అందరి ముందూ ఆకు విప్పితే ఆవిరి లేచింది. చాకు మెత్తగా దిగింది. అత్త ముక్క నమిలి, తల ఊపింది, కృప వైపు చూసి.

"తోలు తీపిచ్చింది అక్కనే అత్తమ్మా. నాకంత తెలివి యాడిది?" అంది కృప.

ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం వెతికాను. లేదు. ఉన్నా బాగుండేది.

అత్త నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"అందురూ ఇనండి. రోజీ పదకొండేండ్లు పొయ్యి కాడ నిలబడి, అందురి కన్నా ఆఖర్న తినింది. ఇంక చాలు. వచ్చే క్రిస్మస్ కాడ్నించి వంట కృపది. రోజీ నా పక్కన కూసోని తింటాది. ఏమ్మా, సరేనా?"

మా ఆయన నవ్వాడు. "అదృష్టమంటే నీదే."

"సరే అత్తా," అన్నాను.