నాలుగో రోజు సాయంత్రం రెండు గంటలు

గంగాధరం బల్ల మీద రంగుల కాగితం పరిచి, పెన్ను మూతతో ఒక్కొక్క రోజే చూపిస్తూ వచ్చాడు. తిరుపతి బస్టాండుకు ఎదురుగా, మందుల షాపు మీద ఆయన ఆఫీసు. సింగపూరు, మలేసియా టూరు. ఆరు రోజులు.

"మద్రాసు ఏర్‌పోర్టులో చెయ్యి పట్టుకుంటే మళ్ళా ఆడ దించేదాకా పూచీ మాదేనక్కా," అన్నాడు గురవమ్మతో. "వంటమాస్టర్ని గూడా మనమే తోడుకపోతాము. మద్యాన్నం సాంబారన్నం, రాత్రికి చపాతీ. అందరికీ పచ్చ టోపీలు. గైడు జెండా పట్టుకోని ముందర పోతాడు, ఎనకాల మీరు. నీ కోడలు ఏమీ ఆలోచించే పనే లే."

గురవమ్మ ముఖం విప్పారింది. "విన్యావా మే? ఆ దేశంలో గూడా సాంబారన్నమంట."

అమల విన్నది. కానీ ఆమె కళ్ళు ఆ కాగితం మీద వెతుకుతున్నాయి. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషి. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే కూడబలుక్కుంటుంది గానీ, చిన్నవి చీమల బారులాగా కలిసిపోతాయి. ఒడిలో మూడున్నరేళ్ళ నిస్సీ ఆమె చెంగులో తల దాచుకుని, గంగాధరాన్ని ఒక్క కంటితోనే చూస్తోంది.

"అన్నా, మరి మా ఆయన్ని ఎప్పుడు చూసేది?" అని అడిగింది అమల.

పెన్ను మూత నాలుగో రోజు మీద ఆగింది. "ఇంగో, ఈడ. సాయంత్రం షాపింగుకు రెండు గంటలు ఇడుస్తాము. ఆయన్ను ఆ బజారు కాడికే రమ్మను."

"మాతోపాటు బస్సులో రాగూడదా?"

"ఆడ రూల్సు నిండా కట్టుదిట్టం తల్లీ. బయటోళ్ళని ఎక్కించుకోకూడదు."

బయటోళ్ళు. పోతున్నదే ఆ మనిషి కోసమైతే, బయటివాడు ఆ మనిషేనట.

"ఊరికే టికెట్టు, వీసా మాత్రం చాలంటే?" అనేసింది. అన్నాక, ఇది తన గొంతేనా అనిపించింది. గురవమ్మ గిరుక్కున తిరిగి చూసింది.

గంగాధరం నవ్వాడు. "అదీ చేస్తా. దుడ్డు అటూ ఇటూ ఒకటే అవుతాది. కానీ ఆడ దిగినాక నీ తిప్పలు నీవి. ఏదైనా సోమవారం లోపల చెప్పండి. నేను టోపీలకు చెప్పుకోవాల."

అత్తాకోడళ్ళు పూతలపట్టులోని ఇంటికి బస్సెక్కారు.

గురవమ్మ కొడుకు పాల్ సింగపూరులో ఓడలు కట్టేచోట వెల్డింగు పని చేస్తాడు. అతను పోయినప్పుడు నిస్సీ ఎనిమిది నెలల పిల్ల. మధ్యలో రావలసిన సెలవు ఓడ పని తొందరలో కొట్టుకుపోయింది. ఇంకో ఏడాదికి గానీ సెలవు లేదు. అయితే రోజూ ఆరుకు పని అయిపోతుంది, ఆదివారం పూర్తిగా అతనిదే. "మీరే వచ్చి మూడు వారాలుండి పోండి. మనోళ్ళ ఇంట్లో గది గూడా మాట్లాడినా," అన్నాడు. మూడు వారాలంటే ఇరవై సాయంత్రాలు, మూడు ఆదివారాలు. కానీ పగలు ఎక్కించేవాళ్ళూ దించేవాళ్ళూ ఉండరు. చిన్నపిల్లను వేసుకుని, విమానంలో ఒక్కతే.

నిస్సీకి నాయనంటే ఫోను. "మీ నాయన యాడమ్మా?" అని ఎవరైనా అడిగితే ఫోను తెచ్చి చూపిస్తుంది. ఛార్జింగు అయిపోతే "నాయన నిద్దరపోయినాడు" అని దాని మీద తువ్వాలు కప్పుతుంది. అందరూ నవ్వేవాళ్ళు. అమలా నవ్వేది. ఈ మధ్య నవ్వడం లేదు.

పైగా నిస్సీ కొత్తవాళ్ళకు జడిసే పిల్ల. పోయిన ఏడు అమల తమ్ముడు బెంగుళూరు నుంచి వచ్చాడు. మొదటి రోజు పిల్ల తలుపు చాటునుంచి బయటికే రాలేదు. రెండో రోజు అతని చేతిలోని బిస్కెట్టు లాక్కుని పారిపోయింది. మూడో రోజు భుజాల మీదికెక్కి, దించితే ఏడ్చింది. ఆ సాయంత్రమే అతను బస్సెక్కి పోయాడు.

అలాంటి పిల్లకు రెండు గంటలిస్తే ఏం చేస్తుంది? ఆ రెండు గంటలూ ఏడుస్తుంది. పాల్ ఆ ఏడుపు చెవుల్లో పెట్టుకుని గదికి పోతాడు. అమలకు ఈ లెక్క తెగడం లేదు. టూరులో పోతే భయం లేదు, పాల్ లేడు. ఒంటరిగా పోతే పాల్ ఉన్నాడు, అంతకు మించిన భయముంది.

మరుసటి రోజు శుక్రవారం. పూతలపట్టు కూడలిలో వాళ్ళ టిఫిను బండి ముందర ఒక టూరు బస్సు ఆగింది. పసుప్పచ్చ టోపీలు పెట్టుకున్న నలభై మంది దిగారు. అమల అట్లు పోస్తుంటే గురవమ్మ టీలు అందిస్తోంది. ఒక పెద్దామె అట్టు తుంచి ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, "శానా బాగుండాదమ్మా," అన్నది.

"యా ఊరు పెద్దమ్మా మీది? యాడాడ చూసినారు?"

"మాది ఆదోని తట్టు. చూసినేవా?" ఆమె తడుముకుంది. "నిన్న ఒక గుడి, ఒక కోట. పేరేమో... గైడునడుగమ్మా, ఆయనకు తెలుసు."

అంతలో గైడు ఈల వేశాడు. పెద్దామె తక్కిన అట్టును కాగితంలో చుట్టుకోబోయి, రెండో ఈలకు అక్కడే వదిలేసి పరుగెత్తింది. బస్సు పోయాక బండి మీద సగం తాగిన టీ గ్లాసులు ఇరవై దాకా మిగిలాయి.

గురవమ్మ వాటిని ఎత్తుతూ, "సూడు, ఎంత క్రమంగా పోతా ఉండారో!" అన్నది మెచ్చుకోలుగా.

"ఆయమ్మ అట్టు గూడా తిన్లేదత్తా."

"అట్టు కోసం పోతారా ఎవురైనా?"

"నేను అట్టు కోసమే పోతా ఉండా," అన్నది అమల. అంతకంటే బాగా చెప్పడం ఆమెకు చేతగాలేదు. కానీ గురవమ్మకు అర్థమైంది, అందుకే కోపం వచ్చింది.

"అబ్బో! చిత్తూరు బస్సని ఐరాల బస్సెక్కినదానివి నువ్వు. బిడ్డకు జొరం, ఆడ దిగి రచ్చబండ కాడ కూసోని ఏడుస్తా ఉంటే నేను ఆటో కట్టుకోని రాలేదా? మూడు మైళ్ళ ఐరాల్లో తప్పిపోయినావు. సముద్రం దాటి పోతావా?"

అది నిజమే. ఆ రోజు నాలుగు గంటలు ఏడ్చింది. అత్త ఆ మాట ఎప్పుడెత్తినా అమల తల వంచుకుంటుంది. ఇప్పుడూ వంచుకుంది. అట్లకాడ మాత్రం పెనం మీద గట్టిగా గీరింది.

మూడున్నరకు పాల్ ఫోను చేశాడు. అక్కడ అప్పుడు ఆరు. అమల అత్తకు వినబడేలాగే అంతా చెప్పింది.

"ఒక మాట చెప్తా విను," అన్నాడు పాల్. "ఈడ రైల్లో అరవంలో గూడా చెప్తారు. బోర్డుల్లో అరవం ఉంటాది. నువ్వు లారీ డ్రైవర్లతో అరవం దంచుతావు గదా మే. నేను ఆ అరవంతోనే బతుకుతా ఉండా."

"నాకు మాట్లాడేది వస్తాది. చదివేది రాదే."

"అడిగేదానికి చదువెందుకు?"

గురవమ్మ ఫోను లాక్కుంది. "వొరే, నువ్వు ఊరికే ఎగదొయ్యద్దు. దీన్ని ముందు మద్రాసు ఏర్‌పోర్టు దాకా పొయ్యి రమ్మను చూస్తాం. నేనూ పోతా. బిడ్డా వస్తాది. నిజంగా పొయ్యేటట్టే పెట్టె గూడా మోసుకోని. నేను నోరు తెరిస్తే ఒట్టు. తెచ్చి ఇల్లు చేర్చినాదంటే అప్పుడు చెప్తా."

పాల్ నవ్వుతున్నాడు. అమలకు నవ్వు రాలేదు. "రేప్పొద్దున పోదామత్తా," అన్నది.

ఆదివారం చర్చి ఉంది, సోమవారం గడువు. ఇక మిగిలింది శనివారమే. తెల్లవారకముందే గురవమ్మ పెట్టె సర్దింది. బరువు నిజంగా ఉండాలని అందులో పది కిలోల రాగిపిండి సంచి పెట్టింది. చిత్తూరులో మద్రాసు బస్సెక్కారు. ఎక్కే ముందు అమల కండక్టర్నీ, డ్రైవర్నీ, పక్కనున్న పూలమ్మే ఆమెనూ ముగ్గుర్నీ అడిగింది. గురవమ్మ నోరు బిగించుకుని, తల కిటికీ వైపు తిప్పుకుంది.

మద్రాసులో బస్సు దిగి మెట్రో రైలుకు పోతే, లోపలికి వెళ్ళేచోట పెట్టెను యంత్రంలో పెట్టమన్నారు. అవతల పోలీసు పెట్టె తెరవమన్నాడు.

"ఏందిది?" అని అరవంలో అడిగాడు.

"రాగిపిండి."

"ఇంత పిండితో యాడికి?"

"ఏర్‌పోర్టుకు."

"ఏ దేశం?"

"ఏ దేశమూ లేదన్నా. ఏర్‌పోర్టు చూసి మళ్ళా ఇంటికి."

పోలీసు పిండినీ, ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. "ఈమె ఏమీ మాట్లాడదా?" అని గురవమ్మను చూపించాడు. గురవమ్మ పెదాలు ఇంకా బిగించింది. పాపం మూగామె అనుకుని ఆయన కుర్చీ తెప్పించబోయాడు. అమలకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే అసలు సంగతి చెప్పింది. ఆయన కూడా నవ్వి, ఆలందూరులో దిగి రైలు మారాలనీ, ఏ తట్టు నిలబడాలో ఎలా అడగాలో కూడా చెప్పాడు.

కదిలే మెట్ల దగ్గర మాత్రం గురవమ్మ ఒట్టు తప్పింది. "సచ్చినా ఎక్కను," అన్నది. పక్కనున్న మామూలు మెట్లెక్కి వచ్చి, మళ్ళీ నోరు మూసుకుంది.

ఏర్‌పోర్టు గుమ్మం దగ్గర టికెట్టు లేనిదే లోపలికి పంపరు. అమలకు కావలసింది లోపలికి పోవడం కాదు. గుమ్మం దగ్గరున్న జవానును అరవంలో ఒక్కొక్కటే అడిగింది. ముందు ఏం చూపించాలి, పెట్టె ఎక్కడ ఇవ్వాలి, చిన్నబిడ్డతో ఉంటే ఎవరిని పిలవాలి, ఎన్ని గంటల ముందు రావాలి. ఆయన విసుక్కోలేదు. చెప్పిందంతా ఆమె వేళ్ళ మీద అప్పజెప్పితే, చివర్లో, "అంతే, నీకు వచ్చేసింది," అన్నాడు. ఇంగ్లీషు పరీక్షలో ఎన్నడూ అనిపించుకోని మాట అది.

నిస్సీ అద్దాల తలుపుకు ముక్కు ఆనించి లోపలికి చూస్తోంది. "నాయన లోపలుండాడా?"

"లేదమ్మా. ఇంగా దూరం పోవాల."

"ఫోన్లో లేడా?"

అమల దాన్ని ఎత్తుకుంది.

బయట హోటల్లో సాంబారన్నం తిని తిరుగు రైలెక్కారు. ఆలందూరులో దిగి, జనం తోస్తుంటే, అదే ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన ఇంకో రైలెక్కేసింది అమల. రెండో స్టేషను రాబోతుంటే మైకులో పేరు వినబడింది. చిన్నమలై. వచ్చేటప్పుడు ఆ పేరు విననే లేదు.

ఐరాల బస్సు గుర్తొచ్చింది. ఏడవబోయింది కూడా. పక్కన గురవమ్మ పెట్టె మీద చెయ్యి వేసుకుని ధీమాగా కూర్చుని ఉంది. నిస్సీ కిటికీలోంచి మేడలు లెక్క పెడుతోంది. వీళ్ళిద్దరికీ ఈ రైలు తప్పని తెలియదు. ఇద్దరూ తన మీద భారం వేసి కూర్చున్నారు.

"దిగండి," అన్నది అమల.

దిగి, పుస్తకాల సంచీ వేసుకున్న ఒక అమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి వేలుతో అవతలి తట్టు చూపించింది. పైకెక్కి, అటు దిగి, ఇంకో రైలెక్కి మళ్ళీ ఆలందూరు చేరారు. అక్కడ ఇద్దరిని అడిగి, సరైన రైలు కోసం నిలబడ్డారు.

గురవమ్మ ఇక ఆగలేకపోయింది. "ఇందాక దిగినామే, అదేం ఊరు మే? సూపించేదానికి దింపినావా?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పబుద్ధి కాలేదు. "తప్పు రైలెక్కినాము అత్తా."

గురవమ్మ కోడలి ముఖంలోకి చూసింది. కన్నీళ్ళ కోసం చూసినట్టుంది. "ఎంతసేపైంది?"

"పావు గంట."

"ఐరాలప్పుడు నాలుగు గంటలు." ఆమె పట్టాల వైపు తొంగి చూసింది. "గైడుంటే తప్పేవాడు గాదు."

"గైడు తప్పితే బస్సంతా తప్పుతాది. తప్పినామని చెప్పను గూడా చెప్పడు."

గురవమ్మ ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. రైలొచ్చింది.

చిత్తూరు బస్సు మద్రాసు దాటుతుండగా పాల్ ఫోను. అమల కంటే ముందు గురవమ్మే అందుకుంది. "నీ పెండ్లాము నన్ను మద్రాసంతా తిప్పింది రా. టోపీ లేదు, జెండా లేదు. సాంబారన్నం మాత్రం పెట్టించింది. ఆ గంగాధరానికి నేనే చెప్తా, ఊరికే టికెట్టు, వీసా చాలని. దీన్ని పంపిస్తే పోతాది. తప్పినా తిరిగొస్తాది." ఫోను కోడలి చేతికిచ్చి, ఒళ్ళో నిద్రపోతున్న నిస్సీ మీద కొంగు కప్పింది.

అమల ఫోను చెవికి ఆనించుకుని గొంతు తగ్గించింది. "ఒక మాట. బిడ్డ నిన్ను చూసి ఏడుస్తాది. రెండు దినాలు దగ్గరికి రాదు. నువ్వు తొందరపడి ఎత్తుకోవద్దు. ఊరికే పక్కన కూసో. మూడో దినం అదే వస్తాది."

అవతల దూరంగా ఇనుము మీద సుత్తి దెబ్బలు వినిపించాయి.

"అట్లయితే," అన్నాడు పాల్, "శుక్రవారం దిగేటట్టు తీయించు మే. మూడో దినం ఆదివారమైతాది."