మైసమ్మ వాకిట్లో చెరువు మట్టి

కేసముద్రం స్టేషన్‌కు అవతల మూతపడిన నూనె మిల్లు ఒకటి ఉంది. నడిచిన రోజుల్లో నూనె శుద్ధి చేయగా మిగిలిన మందుల మడ్డిని గోడ బయట పారబోసేవారు. మిల్లు మూసేశాక యజమాని పోయాడు, మడ్డి మాత్రం ఎటూ పోలేదు. దాని మీదనే హమాలీలకు ఇళ్ల జాగాలు చూపించారు. పేదోళ్లకు జాగా దొరకడమే గొప్పన్నట్టు చూపించారు, వీళ్లూ దండం పెట్టి తీసుకున్నారు.

ఆ వాడలో చివరి ఇల్లు మైసమ్మది. కొడుకు పోశాలు మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తాడు, కోడలు సంగీత పత్తి ఏరడానికి కూలికి పోతుంది. మనవరాలు కీర్తన ఇంకా బడికి పోయే ఈడుకు రాలేదు. వాకిట్లో ఆడితే చాలు, ఆ పిల్ల కాళ్ల నిండా పొక్కులు లేచి రసి కారుతుంది. మహబూబాబాద్ దవాఖానలో డాక్టరు ఒకటే మాటన్నాడు, ఆ జాగా ఖాళీ చేయమని. ఎక్కడికి పోవాలో చెప్పడం ఆయన పని కాదు.

ఇంతలో సర్కారుకు మంచి బుద్ధి పుట్టింది. పాత మిల్లుల చుట్టూ మట్టి పరీక్షకు నిధులిచ్చారు. విషం తేలితే ఆ వాడ వాళ్లకు ఊరికి అవతలి పక్కన ఇళ్లు కట్టిస్తారు. సంగీతకు పానం లేచి వచ్చింది. ఇక బిడ్డ కాళ్లు మానుతాయనుకుంది.

పొద్దున్నే సార్లు వస్తున్నారనగా, ముందు రోజు మైసమ్మ తన వాకిలి చూసుకుని సిగ్గుపడింది. ఇంట్లో గింజలు లేకున్నా వాకిలి ఊడ్వకుండా ఉండే మనిషి కాదు. నల్లగా, జిగటగా ఉన్న ఆ నేల మీద సార్లను ఎట్లా నిలబెట్టాలి? కొడుకును ఉరికించి ట్రాక్టర్‌తో చెరువు మట్టి పోయించింది. పరిచి, దిమ్మిసతో కొట్టి, పెండనీళ్ల సాన్పి చల్లి, ముగ్గేసింది. అది చూసి వాడంతా మట్టి పోయించుకుంది. ఏదో పండగొచ్చినట్టు సంబరపడ్డారు, పిచ్చివాళ్లు.

సాయంత్రం కూలి నుంచి వచ్చిన సంగీత గుండె బాదుకుంది.

"ఎంత పని జేస్తివి అత్తా! వాళ్లు మట్టి సూడనీకె వస్తున్నరు గదా!"

"సూడనీకె వస్తున్నరనే మంచిగ జేసిన. గలీజు సూపెడితె మన ఇజ్జత్ పోదా?"

తెల్లవారి రాజ్‌కుమార్ అనే ఇంజనీరు జీపు దిగి, ముగ్గు తొక్కకుండా పక్కకు జరిగాడు. "ఎంత శుభ్రంగా ఉంచుకున్నారమ్మా," అన్నాడు. మైసమ్మ మొహం వెలిగిపోయింది.

సంగీత అడ్డం వచ్చింది. "సారూ, గిది నిన్న పోసిన మట్టి. అసలుది కింద ఉన్నది. జర లోతుకు తవ్వున్రి."

"జానెడు లోతే తీయమన్నారమ్మా. అంతకన్నా లోతుకు మిషన్ కావాలి. దానికి నిధులు లేవు."

సంగీత గడ్డపార తెచ్చి తానే తవ్వింది. నల్లటి మడ్డి పైకి తేలి, కంపుకు ముక్కులు అదిరిపోయాయి. దోసిట్లోకి తీసి చూపించింది. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"మీరు తవ్వి తీసింది చెల్లదు. కదిలించని నేల కావాలి."

"మరి గా చెరువు మట్టి పోసింది గాదా?"

"పోస్తుంటే నేను చూశానా? ఆ మాట నేను పైకి చెప్తే, పరీక్ష చెడగొట్టారని మీ మీదికే వస్తుంది. మీ మంచికే చెప్తున్నా."

ముగ్గు పక్కన మట్టి తీసి సంచిలో వేసుకున్నారు. మైసమ్మ చాయ్ పోసింది. ఇంజనీరు తాగి, చాయ్ బాగుందన్నాడు. అబద్ధం ఆడకుండా ఆయన చెప్పిన మాట అదొక్కటే కావచ్చు.

ఫలితం వచ్చింది. మట్టి సారవంతమైనదట, కూరగాయలు కూడా పండుతాయట. నిధులు అయిపోయాయి, మళ్లీ పరీక్ష లేదు. కొత్త ఇళ్ల మాట ఎత్తితే, మంచి నేల వదిలి ఎందుకు పోతారని ఆఫీసులో నవ్వారు.

వానలకు చెరువు మట్టి కొట్టుకుపోయి మడ్డి మళ్లీ పైకి తేలింది. కీర్తన ఇప్పుడు నడవలేక దేకుతోంది. పొక్కులు మోకాళ్లకు, అరచేతులకు పాకాయి. మైసమ్మ అన్నం మానేసి గోడకు ఒరిగి కూర్చుంది. ఊడ్వక ఎన్నాళ్లయిందో, వాకిలి నిండా చెత్త.

సంగీత చీపురు తెచ్చి అత్త ఒళ్లో పడేసింది. ఆమె గొంతులో ఎక్కడా జాలి లేదు.

"ఊడ్వు అత్తా. మల్ల సార్లొస్తె నీ ఇజ్జత్ పోతది."

మైసమ్మ చీపురు అందుకుంది. దేకుతూ ఎదురొచ్చిన మనవరాలిని పక్కకు జరిపి, ఏడ్చుకుంటూ ఊడ్చింది.