మాస్కులో పదమూడో ఎక్కం

సుబ్రహ్మణ్యం మాస్టారు యంత్రాలకి అడ్డు చెప్పే మనిషి కాదు. కానీ ఈ యంత్రం ఆయన మాటే కాదంది. బందరులో కొత్తగా పెట్టిన ల్యాబులో నవ్యశ్రీకి ముక్కూ నోరూ మూసే మాస్కు తగిలించి, ట్రెడ్‌మిల్లు మీద పరిగెత్తించారు. పీల్చిన గాలీ వదిలిన గాలీ కొలిచి, ఈ అమ్మాయికి ఇరవై ఒక్క కిలోమీటర్లకి గంటా యాభై ఎనిమిది నిమిషాలు పడుతుందని కంప్యూటర్ తేల్చింది. గంటా నలభై ఐదు దాటితే యూనివర్సిటీ జట్టులో చోటు లేదు.

"కుదరదండీ," అన్నారు మాస్టారు. "దీని ఊపిరి నాకు తెలుసు."

తెలియకేం. చల్లపల్లిలో డ్రిల్లు మాస్టారుగా ముప్పై ఏళ్ళు ఆయన పెట్టింది ఒకటే పరీక్ష. కాలవగట్టు మీద తను సైకిలు తొక్కుతూ, పక్కన పరిగెత్తే పిల్లల చేత పదమూడో ఎక్కం చెప్పించేవారు. ఎక్కం తెగకుండా చెప్పగలిగిన వేగాన్ని ఎంత దూరమైనా లాగొచ్చని ఆయన లెక్క. రిటైరయ్యాక దొరికిన శిష్యురాలు నవ్యశ్రీ. నాలుగేళ్ళలో ఆయన సైకిలు చైను రెండుసార్లు తెగింది గానీ, ఈ పిల్ల ఎక్కం ఒక్కసారీ తెగలేదు.

ల్యాబు నడిపే మనోజ్ఞ తెరమీద గీత చూపించింది. "ఎనిమిదో నిమిషం నుంచీ ఊపిరి ముక్కలు ముక్కలుగా ఉంది మాస్టారూ. మాట్లాడితేనే ఇలా వస్తుంది, లెక్కా తప్పుతుంది. మాస్కులో ఎవరు మాట్లాడతారు?"

నవ్యశ్రీ తల దించుకుంది. "పదమూడో ఎక్కం చెప్పుకున్నానండీ. అది లేకపోతే నాకు కాళ్ళు కదలవు."

మాస్టారికి అప్పుడు అర్థమైంది. పిల్ల చోటుకి అడ్డం పడింది తను నేర్పిన అలవాటే.

"ఇంకొక్కసారి పెడతాను, గురువారం రండి," అంది మనోజ్ఞ జాలిపడి. "పెదవి మాత్రం కదపకూడదు."

గురువారం దాకా ఆయనకి అన్నం సయించలేదు. బందరులో బస్సు దిగుతూ చెప్పారు. "నువ్వు నోరు మూసుకుని పరిగెత్తు తల్లీ. ఎక్కం నేను చెబుతాను."

చెప్పారు కూడా. ట్రెడ్‌మిల్లు పక్కన బుద్ధిగా నిలబడి మొదలుపెట్టిన మనిషి, ఊరుకోలేక నిలబడ్డ చోటే అడుగులు వేయడం మొదలెట్టారు. నిమిషనిమిషానికీ ట్రెడ్‌మిల్లు వేగం పెరిగింది, దానితో ఎక్కం వేగమూ పెరిగింది. ఒంటికేమో అరవై తొమ్మిదేళ్ళు. పన్నెండో నిమిషంలో "పదమూడు తొమ్మిదులు" అని ఆగిపోయారు. ఊపిరి అందలేదు.

మాస్కు పైనుంచి నవ్యశ్రీ కళ్ళు ఆయన వైపు తిరిగాయి. పెదవి కదలలేదు, అడుగు తగ్గలేదు. చెయ్యెత్తి ఒక వేలు చూపించింది. మళ్ళీ ఒక వేలు. తర్వాత రెండు చేతులూ ఎత్తి ఏడు వేళ్ళు.

"నూట పదిహేడు," అన్నారు మాస్టారు కుర్చీలో కూలబడుతూ. ఆపైన ఆయన ఎక్కం చెప్పలేదు. పిల్ల కాళ్ళు మాత్రం ఆగలేదు. ముప్పై ఏళ్ళలో ఎవరి పరుగు చూసీ తడవని కళ్ళు ఆయనకి అప్పుడు తడిశాయి.

"గంటా నలభై రెండు," అంది మనోజ్ఞ తెర చూస్తూ. "జట్టులో ఉన్నట్టే. మాస్టారూ, మీ ఊపిరి ఎక్కడ తెగుతుందో కూడా ఇవాళే తేలింది."

నవ్యశ్రీ మాస్కు తీసి, చెమట కూడా తుడుచుకోకుండా వచ్చి ఆయన కుర్చీ పక్కన కూర్చుంది.

"పదమూడు పదులు నూట ముప్పై, మాస్టారూ," అంది.